ఎడమకు వేస్తే కుడికి కన్నుకొట్టిన ట్రక్కు

దసరా వెళ్ళిన మరునాడే మా ట్రక్కుకు బుద్ధి పాడైంది. ఎడమకు ఇండికేటరు వేస్తే వెనక ఎడమవైపు దీపం వెలిగీ వెలగనట్టు మూలిగేది. కుడివైపున ఉన్న ఎర్రదీపం మాత్రం, దాన్నెవరూ పిలవకపోయినా, టకటకా కన్నుకొట్టేది. కుడికి వేస్తే అంతా సవ్యమే. ఎడమ అనగానే ఈ వేషాలు.

మొదట నేను నమ్మలేదు. మా ఆయన ఏం చెప్పినా సగం తీసేసి వినడం నాకలవాటు. కానీ కాల్హేర్‌లో గోదాముల మలుపు దగ్గర నా కళ్ళతోనే చూశాను. ఆ రోజు నేనూ ట్రక్కులోనే ఉన్నాను. ఆయన ఎడమకు ఇండికేటరు వేసి ఎడమకే తిప్పాడు. వెనక వస్తున్న ఆటోవాడు కుడివైపు దీపం చూసి, మేం కుడికి పోతున్నామనుకుని, ఎడమ సందులోంచి దూరబోయాడు. వెంట్రుకవాసిలో తప్పింది. వాడు ఆటో దిగొచ్చి మా ఏడు తరాలనూ హిందీలో ఉతికి ఆరేశాడు. మా ఆయనకు చెవులు సగమే పనిచేస్తాయి కాబట్టి, చిరునవ్వుతో తలూపుతూ కూర్చున్నాడు. తిట్లన్నీ నేనొక్కదాన్నే తిన్నాను.

"ఏమన్నడే?" అని అడిగాడు ఆటోవాడు పోయాక.

"నీ గాడీ మంచిగున్నదన్నడు. నడుపు" అన్నాను.

ఆ చెవులు సాంచాల మోత పుణ్యం. సాంచా అంటే మరమగ్గం. భివండిలో మా తెలంగాణ వాళ్ళెవరూ మరమగ్గం అనరు, సాంచా అనే అంటారు. మా ఆయన మీసాలు రాకముందే సాంచా మీద నిలబడ్డవాడు. చెవులు పోయినందుకు ఆయన ఎప్పుడూ బాధపడలేదు, నా అరుపులు వినే పని తప్పిందని సంబరపడ్డాడు కూడా. ఆయన్ను పడగొట్టింది దూది. సాంచాఖానాలో గాలంతా దూదిపొట్టే. అది లోపలికి పోయి పోయి పొద్దూ మాపూ పొడిదగ్గు పట్టుకుంది. మాట్లాడుతుంటే దగ్గు, తింటుంటే దగ్గు. ఇంకొన్నాళ్ళు సాంచా మీద నిలబడితే ఇక నిలబడడానికి మనిషి ఉండడని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. అప్పుడు ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఈ పాత ట్రక్కు కొన్నాం. నూలు బస్తాలు, బట్ట బేళ్ళు కాల్హేర్ గోదాములకు వేయడం మొదలుపెట్టాడు. కిటికీ అద్దం దించి నడుపుతాడు. చూస్తూ చూస్తూ దగ్గు తగ్గింది. ఆయన అన్నం ముద్ద మధ్యలో ఆగకుండా తినడం చూసినప్పుడు నాకు ఈ డొక్కు ట్రక్కు మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చేదో చెప్పలేను.

ఇప్పుడు ఆ ట్రక్కుకు పాసింగు వచ్చి నెత్తిన కూర్చుంది. పాత బండ్లను ఏటా తీసుకుపోయి చూపించాలి. బ్రేకులు, దీపాలు, ఇండికేటర్లు అన్నీ సరిగ్గా ఉంటేనే ముద్ర వేస్తారు. ముద్ర లేని బండిని గోదాము గేటులోకి రానివ్వరు. మాకు సోమవారం రమ్మని వచ్చింది. ఎడమకు వేస్తే కుడికి కన్నుకొట్టే బండిని ఏ ఇన్‌స్పెక్టరు పాస్ చేస్తాడు?

వైర్‌మన్‌కు చూపించాం. మంచివాడే, మా సందు చివరే ఉంటాడు. బల్బు మార్చాడు, మారలేదు. ఇండికేటరును టిక్కుటిక్కుమనిపించే ఫ్లాషరు డబ్బా మార్చాడు, ఊహూఁ. "భాభీ, పూరా వైరింగ్ బదల్‌నా పడేగా" అన్నాడు చివరికి. వైరింగంతా పీకి కొత్తది వేయాలట. అది సోమవారంలోగా అయ్యే పని కాదు, చేయించే తాహతూ మాకు లేదు. పోతూ పోతూ ట్రక్కు చట్రం మీద చేత్తో చరిచి, బండిలో కరెంటు వైరు మీద వెళ్తుంది గానీ తిరిగి రావడానికి వేరే వైరుండదనీ, ఈ ఇనుమే దాని వాపసు దారి అనీ, ఇంత పాత బండిలో ఎక్కడ ఏం తెగిందో దేవుడికే తెలియాలనీ చెప్పాడు. ఆ మాట అప్పుడు నా చెవిన పడి ఊరుకుంది.

మా ఆయన మాత్రం వైరింగంతా మార్చాలన్న మాటతో కూలబడిపోయాడు. గురువారం సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

"భంగారోనికి చెప్పిన. రేపు సాయంత్రం వచ్చి గాడీ చూసి పోతనన్నడు. సేఠ్ మామతోటి గూడ మాట్లాడిన. రాత్‌పాళీ ఖాళీ ఉన్నదట. మంగళారం సంది రమ్మన్నడు."

భంగారోడంటే పాత ఇనుము కొనేవాడు. సేఠ్ మామంటే మా జిల్లా నుంచే వచ్చి ఇక్కడ సాంచాఖానా పెట్టుకున్న పెద్దమనిషి, మా ఆయనకు వరుసకు మామ అవుతాడు. రాత్‌పాళీ అంటే రాత్రి డ్యూటీ. మళ్ళీ ఆ దూదిలోకి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సచ్చిపోతందుకు పోతవా ఆడికి?" అన్నాను. "డాక్టరు ఏమన్నడో యాదికి లేదా?"

"మరేం జేద్దునే? గాడీ పాస్ గాకుంటే నేను కాల్హేర్‌ల నెత్తి మీద బేళ్ళు మొయ్యాల్నా?"

"రేపు శుక్రారం. నేను చూస్త."

"నువ్వా?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వే నన్ను ట్రక్కు కిందికి పంపించింది. నవ్వకపోతే వెళ్ళేదాన్ని కాదేమో.

భివండిలో సాంచాలకు శుక్రవారం చుట్టీ. మేముండే టెంఘర్ సందులో మిగతా రోజుల్లో పక్కవాడు అరిచినా వినపడదు. శుక్రవారం మాత్రం ఎవరింట్లో పోపు వేశారో కూడా వినపడుతుంది. ఆ పొద్దున నేను వంట ముగించి, కొంగు బొడ్లో దోపి, నా కత్తెర తీసుకుని ట్రక్కు దగ్గరికి వెళ్ళాను. అది పోగులు కత్తిరించే చిన్న కత్తెర. నేను ఆయన పక్కన సాంచాఖానాలోనే కండెలు చుట్టాను, తెగిన పోగులు అతికాను, ఆ కత్తెర అప్పటి నుంచీ నా నడుముకే ఉంటుంది.

ఆయన్ను ముందు కూర్చోబెట్టి ఎడమ ఇండికేటరు వేయమన్నాను. నేను వెనక నిలబడ్డాను. ఆయనకు వినపడదు, నాకేమో అరిచే ఓపిక లేదు. కానీ మాకు ఇంకో భాష ఉంది. సాంచాఖానాలో నోటిమాట పనికిరాదు కాబట్టి అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. అరచెయ్యి చాపితే ఆపు. రెండు వేళ్ళు దగ్గర పెట్టి లాగితే పోగు తెగింది. పిడికిలి గాల్లో గుండ్రంగా తిప్పితే సాంచా నడుస్తోంది. ఆయన పక్క అద్దంలో నన్ను చూస్తున్నాడు, నేను చేతులతో చెప్తున్నాను. ఇంత వయసొచ్చాక నడివీధిలో ఆయనా నేనూ అద్దంలోంచి సైగలు చేసుకుంటుంటే ఎదురింటి అక్క గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేకపోయింది.

ముందు బల్బులు చూశాను. ఎడమ బల్బు తీసి కుడివైపు పెట్టాను, కుడివైపు దివ్యంగా వెలిగింది. కుడి బల్బు తెచ్చి ఎడమకు పెట్టాను, మళ్ళీ అదే మూలుగు. బల్బుల తప్పేం లేదన్నమాట.

తర్వాత పోగు వెంట పోయాను. బట్టలో ఎక్కడైనా గీత పడితే చేయి తిరిగిన మనిషి బట్టను చూస్తూ కూర్చోడు. ఆ పోగును పట్టుకుని వెనక్కి, పడుగు చుట్టి ఉండే భీముదాకా పోతాడు. గీత ఒకచోట కనపడుతుంది, తెగింది ఇంకోచోట ఉంటుంది. నేనూ అలాగే ఎడమ దీపం వెనక ఉన్న వైరు పట్టుకుని, ట్రక్కు కింద పాక్కుంటూ, జానెడు జానెడు వేళ్ళతో తడుముతూ ముందు దాకా వెళ్ళాను. చీరంతా గ్రీజు. ఎక్కడా తెగలేదు. ఎక్కడా కాలలేదు. మధ్యలో ఒక జోడింపు ఉంటే విప్పి చూశాను, రాగి మెరుస్తూ ఉంది.

కింద నుంచి బయటకు వచ్చి చక్రానికి ఆనుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. నిజం చెప్తున్నాను, కోపంతో వచ్చిన ఏడుపే. సాయంత్రానికి భంగారోడు వస్తాడు. మంగళవారం ఈ మనిషి సద్దిగిన్నె పట్టుకుని సాంచాఖానాకు నడుస్తాడు. మళ్ళీ ఆ దగ్గు. ఆయనేమో పక్క అద్దంలోంచి నన్ను చూస్తూ, ఏమైందన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. రెండు వేళ్ళు దగ్గర పెట్టి లాగాను. తర్వాత తల అడ్డంగా ఊపాను. పోగు తెగలేదు.

తెగలేదు మరి. పోయే దారి బాగానే ఉంది. కరెంటు దీపం దాకా వస్తోంది. అప్పుడు వైర్‌మన్ మాట గుర్తొచ్చింది. ఇనుమే వాపసు దారి. సాంచాలో అడ్డదారం మోసే నాడె అటు పోతే సరిపోదు కదా, తిరిగి ఇటు రావాలి. అటు పోయిన నాడె అక్కడే కూర్చుంటే ఎంత దారం ఉండి ఏం లాభం? ఎడమ దీపానికి వచ్చిన కరెంటు తిరిగిపోయే దారి లేక, పక్కనే ఉన్న ఎర్రదీపం తీగె పట్టుకుని, కుడివైపు దాకా పోయి అక్కడ దిగుతోందా ఏమిటి? అందుకేనా అది కన్నుకొట్టేది?

లేచి దీపం దగ్గరికి వెళ్ళాను. దీపం ఒక రేకు మీద ఉంది. రేకును ఒక బోల్టు చట్రానికి పట్టి ఉంచుతోంది. వాపసు పోవాలంటే ఆ బోల్టు మీదుగానే పోవాలి. వంగి చూశాను. ఎర్రరంగు. రేకుకు ఎర్రరంగు, బోల్టుకు ఎర్రరంగు, చట్రానికి ఎర్రరంగు. గోరు దూరే సందు లేకుండా, పెళ్ళికూతురి పాదాలకు పారాణి పెట్టినంత శ్రద్ధగా పెట్టి ఉంది. ఇక ఆ రంగులోంచి కరెంటు ఎలా పోతుంది? వెళ్ళి కుడివైపు చూశాను. అక్కడ బోల్టు తుప్పు పట్టి, పైపైన కుంచె ఒకసారి రాసి వదిలేసి ఉంది.

నాకు ఒక్కసారిగా దసరా ముందు రోజులు గుర్తొచ్చాయి. దసరాకు సాంచాలను కడిగి, రంగేసి, పూజ చేస్తాం. ట్రక్కు వచ్చాక ట్రక్కుకూ అంతే. పండగ ముందు మా ఆయన ఎర్రరంగు డబ్బా పెట్టుకుని దాని వెనకే ఉన్నాడు.

ముందుకు పరిగెత్తి ఆయన చెవి దగ్గర అరిచాను.

"ఈ ఎడమదిక్కు బోల్టు ఇప్పినవా నువ్వు?"

ఆయన మొహం వెలిగిపోయింది. "ఇప్పక? రేకు దీసి, ఎనుక రంగేసి, ఆరినంక మళ్ళ బిగించిన. మా ఉస్తాదు గట్లనే నేర్పిండు. పై పైన రాస్తే లోపల జంగు పడ్తది, జంగు మరక బట్ట మీద పడ్తది, తాన్ ఖరాబైతది."

"తానా? ఏడున్నదయ్య బట్ట తాను? ఇది ట్రక్కు! మరి కుడిదిక్కు బోల్టు?"

ఆయన తల దించుకున్నాడు. "అది జంగు పట్టి రాలే. ఎంత తిప్పినా రాలే. ఇగ పై పైననే రాసి ఇడిచిపెట్టిన."

నేను ట్రక్కు తలుపు పట్టుకుని కూర్చుండిపోయి నవ్వాను. నవ్వి నవ్వి కడుపు పట్టేసింది. ఈ లోకంలో ఏ డ్రైవరూ దీపం రేకు విప్పి దాని వెనక రంగు వేయడు. సాంచా మనిషి ఒక్కడే వేస్తాడు. ఒళ్ళు దాచుకోకుండా చేసిన వైపు చెడింది, బద్ధకించిన వైపు బంగారంలా వెలుగుతోంది. ఆయనకింకా అర్థం కాక నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

"ఇండికేటరు ఎయ్యి. అద్దంల చూడు" అన్నాను.

మా ఇంట్లో ఉన్న వైరు ముక్క ఒకటి తెచ్చాను. ఒక కొన ఎడమ దీపం లోపల బల్బు పట్టుకునే ఇనుము మీద పెట్టాను. రెండో కొన చట్రానికి తాకించాను. ఏమీ లేదు. అవును, అక్కడా రంగే కదా, నా మొహం! కత్తెర తీసి చట్రాన్ని గీకాను. దసరా రంగు పొట్టు పొట్టుగా రాలింది. తెల్లగా ఇనుము కనపడింది. దాని మీద వైరు కొన పెట్టాను.

భగ్గుమంది దీపం. పసుపుపచ్చగా, నా మొహం మీదే. కుడివైపు ఎర్రది చప్పున కన్ను మూసుకుంది. ముందు డబ్బాలోంచి టిక్కు, టిక్కు, టిక్కు అని చక్కటి వరసలో వినపడుతోంది. ఇన్నాళ్ళూ సాంచాల మోతలో ఆ చప్పుడు తేడాగా ఉందో సరిగ్గా ఉందో కూడా మాకెవరికీ తెలియలేదు. వైరు ఒక చేత్తో అలాగే పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి గాల్లో గిరగిరా తిప్పాను. అద్దంలో ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి. తలుపు తీసుకుని దూకినంత పనిచేశాడు. వచ్చి దీపాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దీపాన్ని చూశాడు.

"ఏం జేసినవే?"

"నువ్వేసిన రంగు గీకిన."

ఆయన రేకు విప్పాడు. ఇద్దరం కూర్చుని రేకు వెనకా, బోల్టు చుట్టూ, చట్రం మీదా మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించాం. మళ్ళీ వేసి చూశాం. ఎడమ అంటే ఎడమే, కుడి అంటే కుడే. ఎదురింటి అక్క చప్పట్లు కొట్టింది. వైర్‌మన్ నమాజు నుంచి వస్తూ ఆగి, వంగి చూసి, నుదురు కొట్టుకుని, "అరే, రంగు కింద చూడాలని నాకు తట్టనే లేదు భాభీ" అని హిందీలో పకపకా నవ్వాడు. రంగు తీసినచోట జంగు పట్టకుండా బోల్టు బిగించాక పైన కొంచెం గ్రీజు రాయమని చెప్పి, తనే రాసిపెట్టి వెళ్ళాడు.

భంగారోడు సాయంత్రం రానే వచ్చాడు. ట్రక్కు చుట్టూ తిరుగుతూ చక్రాన్ని కాలితో తన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కాలు తియ్యి. ఇది నడిచే గాడీ" అన్నాను హిందీలో. ఎడమ, కుడి, బ్రేకు, అన్నీ వేయించి చూపించాను. వాడు కొనడానికి వచ్చిన సంగతి మరిచి, తన టెంపో దీపం కూడా ఒకసారి చూడమని అడిగాడు.

సోమవారం పాసింగుకు నేనూ వెళ్ళాను. వద్దంటే ఊరుకునే రకం కాదని ఆయనకు తెలుసు. బండ్ల వరసలో మా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఎడమ అన్నాడు. మా ఆయనకు వినపడలేదు. గోడ పక్కన నిలబడి, అద్దంలో ఆయనకు కనపడేలా ఎడమచెయ్యి చాపాను. ఎడమ దీపం టకటకా వెలిగింది. కుడి అన్నాడు, కుడిచెయ్యి చాపాను. బ్రేకు అన్నాడు, అరచెయ్యి చూపించాను. ఎర్రదీపాలు రెండూ ఒక్కసారే మండాయి. ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి నన్నొకసారి ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, చిన్నగా నవ్వి సంతకం పెట్టాడు. కాగితం ఇస్తూ, "పేంట్ బహుత్ అచ్ఛా కియా హై" అన్నాడు. రంగు చాలా బాగా వేశారట!

ఆ ఒక్క మాట మాత్రం ఎలా వినపడిందో మా ఆయనకు వినపడింది. దారి పొడుగునా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

"వినబడ్డదా ఏమన్నడో?" అన్నాడు.

"ఆ రంగు మాట ఇంకొక్కసారి ఎత్తినవంటే దిగి నడుచుకుంట పోత" అన్నాను.

కాల్హేర్‌కు నేరుగా వెళ్ళాలి, లోడు ఉంది. కానీ మధ్యలో ఆయన ఎడమకు ఇండికేటరు వేశాడు. తల తిప్పి చూస్తే సేఠ్ మామ సాంచాఖానా. నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది.

"ఇటెందుకు?" అన్నాను.

ఆయన బండి ఆపి దిగాడు. నేనూ దిగి వెనకే వెళ్ళాను. సాంచాలన్నీ నడుస్తున్నాయి, నేల అదురుతోంది. తలుపు తీసి ఉంది. లోపల దీపాల చుట్టూ దూదిపొట్టు తేలుతోంది. సేఠ్ మామ అంత దూరాన, సాంచాల అవతల నిలబడి ఉన్నాడు. మా ఆయన్ను చూసి రమ్మని చెయ్యి ఊపాడు. మా ఆయన గడప ఇవతలే నిలబడ్డాడు. ఒక వేలితో తనను చూపించుకున్నాడు. ఆ వేలినే వెనక్కి, టకటకా వెలుగుతున్న ట్రక్కు వైపు చూపించాడు. తర్వాత పిడికిలి బిగించి, పైకెత్తి, గాల్లో తిప్పాడు.

సేఠ్ మామ ఒక క్షణం చూశాడు. అర్థమైంది. ఆయనా చిన్నప్పుడు సాంచా మీద నిలబడ్డవాడే. నవ్వి, తనూ పిడికిలి ఎత్తి తిప్పి, ఇక వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆయన గడప దాటలేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు. వెనక్కి తిరిగి వచ్చి ట్రక్కు ఎక్కి, కిటికీ అద్దం పూర్తిగా దించి, కాల్హేర్ దారి పట్టాడు. నాకు కళ్ళు నిండిపోయి రోడ్డు కనపడలేదు.

కాసేపటికి వెనక ఎవడో హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నేను సీట్లోంచి వంగి చూశాను.

"ఏమయ్య, ఇండికేటరు ఇంకా కొట్టుకుంటనే ఉన్నది. బంద్ చెయ్యి, ఎనుకోడు తిడ్తున్నడు" అన్నాను.

"తిట్టనీ" అన్నాడు మా ఆయన. "నాకు వినబడదుగ."